ఆయన వంతు చిప్ప

మా ఆయన సిమ్మాద్రి పోయి మూడేళ్లయింది. ఆయన బతికుంటే ఈ సంగతి నా నోటి వెంట వచ్చేది కాదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. వయసొస్తే సిగ్గు పోతుందని ఎవరు చెప్పారో గాని, డెబ్బై ఒకటి వచ్చినా నాకు మాత్రం పోలేదు.

అసలు తప్పు నాది. ముందు అది చెప్పేస్తాను. లేకపోతే చివరిదాకా దాటేసుకుంటూ పోతాను, నా సంగతి నాకు తెలుసు.

మా తాతలు చెరకు కూలికి వలస వచ్చిన ఈ దీవుల్లో, మా రాకిరాకి ఊళ్లో, మా చెరకు పొలానికి ఆనుకునే బిసున్ పొలం. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి ముందురోజు పన్నెండు మంది ఆడవాళ్లం రేకుల షెడ్డులో కూర్చుని పూరీలు ఒత్తుతున్నాం. పెళ్లివారి పూరీల దగ్గర మాటలకు అడ్డూ ఆపూ ఉండవు. ఒకరి మొగుడి గురించి ఒకరు, నూనె కాగే చప్పుడు మీద కేకలేసి మరీ చెప్పుకుంటాం. బిసున్ పెళ్లాం నా వైపు తిరిగింది.

"ఏం అక్కమ్మక్కా, నీ మొగుడు ఇంకా చెరకు బాగానే నరుకుతున్నాడా?"

అందరూ నవ్వారు. నేనూ తక్కువ తినలేదు.

"ఏం నరకడమే! మా ఇంట్లో ఇప్పుడు మేమిద్దరం ఆడవాళ్లమే."

ఇక చూడండి నవ్వులు. ఒకామె చేతిలో అప్పడాల కర్ర కింద పడింది. నాకు ఎంత సంబరమయిందో చెప్పలేను, అంతమందిని ఒక్క మాటతో నవ్వించానని. తల ఎత్తితే గుమ్మంలో మా ఆయన. పొయ్యిలోకి కట్టెలు తెచ్చాడు. మోపు నెమ్మదిగా దించి, ఒక్కొక్క కట్టె సరిగ్గా పేర్చి, వెళ్లిపోయాడు.

ఆయనకు చక్కెర జబ్బు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. కళ్లు మసకబారాయి, కాళ్లు తిమ్మిరెక్కాయి, దాంతోపాటు అదీ పోయింది. మాత్రలు వేసుకున్నాడు, ఫలితం లేదు. రోజూ నాకు వీపు తిప్పి పడుకునేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ లోటు పెద్దగా తెలియలేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి కాపురాలు వాళ్లు చేసుకుంటున్నారు. ఆ మాట బాధతో అన్నది కాదు. నవ్వించడానికి అన్నాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

నాలుగేళ్లు గడిచాక ఒక రోజు సువా పట్నం ఆసుపత్రి కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. బయటి దేశం నుంచి ఆరు నెలలకోసారి ఒక పెద్ద డాక్టరు వస్తాడట. ఆపరేషన్ చేస్తాడట.

"లోపల రెండు గొట్టాలు పెడతారు. కింద తిత్తిలో చిన్న బుడ్డి. దాన్ని నొక్కితే..." అని ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు.

"ఈ వయసులో ఇవన్నీ ఎందుకయ్యా?" అన్నాను.

"నీకోసం కాదులే," అన్నాడు.

అంతే.

ఊళ్లో హెర్నియా అని చెప్పాం. అదీ పొట్ట కిందే కదా, ఎవరూ అనుమానించరని. అక్కడే తప్పు చేశాం. బిసున్‌కి రెండేళ్ల కిందట హెర్నియా ఆపరేషన్ అయింది. ఇంకేముంది, రోజూ మా అరుగు మీదే మకాం. ఏం తినాలి, ఎలా దగ్గాలి, ఎప్పుడు మూట ఎత్తచ్చు, అన్నీ అతనే చెప్పేవాడు. మా ఆయన తల ఊపేవాడు.

ఆసుపత్రి కాగితంలో ఒక మాట నల్లగా గీత గీసి ఉంది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి యాంగోనా ముట్టకూడదు. మత్తుమందుతో అది కలిస్తే మనిషి లేవడం కష్టమట. మా ఊళ్లో మగవాళ్లకు యాంగోనా లేనిదే పొద్దు గూకదు. వేరు దంచి, చెక్క గిన్నెలో నీళ్లు పోసి పిసికి, ఆ బురద రంగు నీళ్లు కొబ్బరిచిప్పతో వంతులవారీగా తాగుతారు. మా ఆయన కడుపులో మంట అని చెప్పి పదమూడు రోజులు తప్పించుకున్నాడు. పద్నాలుగో రోజు బయల్దేరాలి.

ఆ రోజు పొద్దు నడినెత్తికి రాకముందే పక్కింటి ఎపేలి పెద్ద వేరు కట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మా ఆయనా ఆయనా చిన్నప్పటి నుంచి ఒకే పొలం గట్టు మీద తిరిగినవాళ్లు. ఆపరేషన్‌కు పోయే మనిషికి వీడ్కోలు చిప్ప పట్టకుండా పంపడమంటే మా దగ్గర తలుపు మొహం మీద వేసినట్టే. చాప పరిచారు. ఎపేలి మొదటి చిప్ప ముంచి మా ఆయన ముందు పట్టాడు.

"వద్దురా, డాక్టరు వద్దన్నాడు," అన్నాడు మా ఆయన.

బిసున్ పకపకా నవ్వాడు. "నా హెర్నియాకి ముందురోజు పద్నాలుగు చిప్పలు తాగాను. ఏమైంది? గుండ్రాయిలా ఉన్నా! ఇంతకీ నీది హెర్నియాయేనా, ఇంకేమైనా దాస్తున్నావా?"

వేళాకోళానికే అన్నాడు. కాని మా ఆయన మొహం చూడాలి. నెత్తురు చుక్క లేదు. ఆనవాయితీ ప్రకారం ఒక్కసారి చప్పట్లు చరిచి, చిప్ప అందుకుని, గటగటా తాగేశాడు. తర్వాత ఇంకొకటి. వంటింటి కిటికీలో నుంచి నేను చూస్తూనే ఉన్నాను. తొమ్మిది అయ్యాయి. బయటికొచ్చి "చాలు లేవయ్యా" అని ఒక్క మాట అనలేకపోయాను. అంటే ఎందుకని అడుగుతారు. అదొక్కటే నా భయం.

మర్నాడు పొద్దున్నే సువా ఆసుపత్రిలో తెల్లటి మంచం మీద, వెనక బొత్తాలు లేని చొక్కా తొడిగి కూర్చోబెట్టారు. మత్తు ఇచ్చే డాక్టరు వచ్చింది. లితియా అని, మా చిన్నదాని వయసుంటుంది, జుట్టు పెద్ద పువ్వులా విచ్చుకుని ఉంది. ఆడమనిషి. ఆమె ఏ ఆపరేషనో చదివి మామూలుగా పలుకుతుంటే మా ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"పెద్దాయనా, యాంగోనా తాగి ఎన్నాళ్లయింది?"

"రెండు వారాలు."

"నిజం చెప్పాలి. నిన్నగాని మొన్నగాని తాగుంటే ఏం కోప్పడను. ఈసారి ఆపి వచ్చేసారి చేయిస్తాను."

వచ్చేసారి అంటే ఆరు నెలలు. ఊరికి తిరిగెళ్లి ఏమని చెప్పాలి? బిసున్ ఊరుకుంటాడా? ఆయన నా వైపు చూశాడు. డాక్టరమ్మ కూడా చూసింది.

"అవునమ్మా, ముట్టలేదు," అన్నాను నేను. కళ్లెత్తకుండా అన్నాను.

గంటన్నర అన్నారు. రెండు గంటలు దాటాయి. వరండాలో బల్ల మీద కూర్చుని కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాను. పక్కన ఎవరో ఇద్దరు మగవాళ్లు, వాళ్ల మనిషి కోసం. మూడో గంట గడిచాక లితియా డాక్టరు ఆకుపచ్చ టోపీతోనే బయటికి వచ్చింది.

"అమ్మా, ఆపరేషన్ బాగా అయింది. కాని ఆయన లేవడం లేదు. ఊపిరి గొట్టం తియ్యలేకపోతున్నాం. ఆయన ఏమైనా తీసుకున్నారా? మాత్రలా, నాటు మందా? ఏదైనా సరే చెప్పండి."

పక్కనున్న ఇద్దరూ మాటలు ఆపి నా వైపు తిరిగారు.

ఆ వరండాలో నా కాళ్ల కింద నేల చీలితే బాగుండుననిపించింది. ఒక్క క్షణం, ఒట్టు, ఒక్క క్షణం చెప్పకుండా ఉందామా అనుకున్నాను. మొగుడు లోపల గొట్టంతో ఊపిరి పీలుస్తుంటే పెళ్లాం పరువు లెక్క చూసుకుంది. అంత మనిషిని నేను.

"తొమ్మిది చిప్పలు," అన్నాను. "నిన్న మధ్యాహ్నం. నాకు తెలుసు. నేను అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా భుజం మీద చెయ్యి వేసి, "మా నాన్నా తాగుతాడమ్మా. అందుకే కదా అంతగా అడిగాను," అని లోపలికి పరుగెత్తింది. అది తెలిసింది కాబట్టి ఎలా చూసుకోవాలో వాళ్లకు తెలిసిందట. పొద్దు వాలుతుండగా ఆయన కళ్లు తెరిచాడని పిలిచారు.

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గొంతు గీరుకుపోయింది. నేను వంగితే అన్న మొదటి మాట: "ఎవరికైనా తెలిసిందా?"

"లేదు," అన్నాను. మళ్లీ అబద్ధమే.

మత్తు దిగాక మొదలైంది నొప్పి. ఎంత నొప్పి అంటే, నలుగురు పిల్లల్ని కన్నదాన్ని, నాకే చూడలేక మొహం తిప్పుకోవాలనిపించింది. తొడల మధ్య ఎవరో నిప్పుకణిక గుడ్డలో చుట్టి పెట్టినట్టుందన్నాడు. మూత్రానికి సన్నటి గొట్టం, నెత్తురు నీళ్లు కారడానికి ఇంకో గొట్టం. మర్నాడు రెండూ తీశారు. తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని గాజులు చిట్లేలా నొక్కాడు. తిత్తి వాచి, వంకాయ రంగు తిరిగి, చిన్న బొప్పాయంత అయింది. భయపడొద్దు, ఇది మామూలే, రెండు మూడు వారాల్లో దిగుతుంది అంది నర్సు. బిగుతు చెడ్డీ వేసి, అది పొట్ట వైపుకు పైకి ఉండేలా పెట్టుకోవాలి. ఐసు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టి కాసేపు తియ్యాలి. ఆరు వారాలు బరువులు లేవు, ఇంకేమీ లేవు. బుడ్డి నొక్కడం తర్వాత డాక్టరే నేర్పుతాడు.

ఇవన్నీ నర్సు నాకు చెప్తుంటే ఆయన కళ్లు మూసుకుని నిద్ర నటించాడు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన్ని అలా పగటి వెలుగులో చూడడం నాకు అదే మొదటిసారి. ఆయనకూ తెలుసు.

సువా దగ్గరే నౌసోరిలో మా చెల్లెలింట్లో తొమ్మిది రోజులుండి ఇంటికొచ్చాం. మూత్రానికి పోతే మంట. నొప్పి మాత్రలకు మలబద్ధకం, ముక్కితే ప్రాణం పోయేది. దగ్గు వస్తే పొట్టకు దిండు అదుముకునేవాడు. ప్యాంటు వేసుకోలేక లుంగీలాంటి సులు గుడ్డ చుట్టుకుని తిరిగేవాడు. కారు దిగిన మర్నాడే ఎపేలి, బిసున్, ఇంకో నలుగురు చెక్క గిన్నెతో తయారు. తిరిగొచ్చినవాడికి స్వాగతం పలకాలి కదా.

మా ఆయన చాప మీద బాసింపట్టు వేసుకోలేకపోయాడు. దిండు మీద ఒక పక్కకు ఒరిగాడు.

"ఇదేం కూర్చోడంరా, నెలలు నిండిన కోడలిలా!" అన్నాడు బిసున్. "నేను ఐదో రోజే చెరకు మోశాను. ఏదీ, నీ కుట్లు చూపించు. ఇదిగో నాది చూడు." చొక్కా ఎత్తి పొట్ట కింద గీత చూపించాడు. "నీది ఏ పక్క? కుడా, ఎడమా?"

అందరూ ముందుకు వంగారు. ఎపేలి మొదటి చిప్ప ముంచి మా ఆయన ముందు పట్టాడు. ఒక పక్క ఆ చిప్ప, ఇంకో పక్క బిసున్ చెయ్యి, సులు గుడ్డ మీదికి వేళాకోళంగా వస్తోంది. మా ఆయన దాని ముడి గట్టిగా పట్టుకున్నాడు. మాత్రలు వేసుకుంటున్నంత కాలం చుక్క ముట్టొద్దంది డాక్టరమ్మ. ముట్టకపోతే ఎందుకంటారు. ఎందుకంటే ఏం చెప్తాడు?

నేను వంటింట్లోంచి వచ్చేశాను. కొంగు బిగించి, చాప మీద ఆయనకూ బిసున్‌కూ మధ్యలో చతికిలబడ్డాను. మగవాళ్ల చాప మీద నేనెప్పుడూ కూర్చోలేదు. ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరిచి, ఎపేలి చేతిలో చిప్ప లాక్కుని తాగేశాను. బురద, మిరియం, చేదు. నాలుక మొద్దుబారింది.

ఆరుగురూ నా మొహమే చూస్తున్నారు.

"ఏం చూస్తారు?" అన్నాను. "మీ వీడ్కోలు చిప్పల వల్ల ఆయన ఆసుపత్రిలో లేవలేదు. తాగలేదని డాక్టరమ్మకి అబద్ధం చెప్పింది నేను. మొగుణ్ణి చంపుకోబోయిన దాన్ని. ఇక నుంచి ఆయన వంతు నాది. పొయ్యి ఎపేలీ, ఇంకోటి పొయ్యి."

ఎపేలి తల దించుకున్నాడు. "తప్పయింది వదినా," అన్నాడు మెల్లగా.

బిసున్ మాత్రం తేరుకున్నాడు. "అయితే అక్కమ్మక్కా, ఇప్పుడు మీ ఇంట్లో మగాళ్లిద్దరా?"

చాపంతా నవ్వు. ఆ పూరీల మాట ఆడవాళ్ల దగ్గర ఆగలేదన్నమాట. ఇన్నేళ్లూ ఈ మగవాళ్లందరికీ తెలుసు. ఆయన వాళ్ల మధ్య కూర్చుని రోజూ చిప్ప తాగాడు.

"అవును, ఇద్దరం," అన్నాను. మొహం మండిపోతోంది. "నీకేమైనా కష్టమా?"

ఇంకా నవ్వారు, ఈసారి నన్ను చూసి. ఆడదై చాప ఎక్కిందని వారం రోజులు ఊరంతా నా గురించే. కుట్ల సంగతి ఎవరికీ మళ్లీ గుర్తు రాలేదు. మా ఆయన దిండు పొట్టకు అదుముకుని, "నవ్వించకండ్రా, చస్తాను," అంటూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. నొప్పికి వచ్చినవో, నవ్వుకు వచ్చినవో.

వాళ్లు వెళ్లాక ఐసు మార్చడానికి కూర్చున్నాను. ఇక ఆగలేకపోయాను.

"ఆ రోజు పెళ్లివారి షెడ్డులో, పూరీల దగ్గర నేనన్న మాట..."

"ఏ మాట?" అన్నాడు పైకప్పు చూస్తూ. "నేనా రోజు షెడ్డు వైపే రాలేదు కదే."

ఒక్కొక్క కట్టె పేర్చిన చేతులు దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి. ఆరు వారాల తర్వాత సంగతి మీకు చెప్పను, అది ఆయనదీ నాదీ. ఆ రోజు మాత్రం తడి గుడ్డ పిండి, కొత్త ఐసు చుట్టి, ఆయనకు చలి తగలకుండా నెమ్మదిగా పెట్టాను.