చివర తినే పిల్ల

అక్క పోయిన ఇరవై మూడో రోజున నర్సు మళ్ళీ డ్యూటీలో చేరింది. ఆ రోజు ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతికి రక్తహీనత గురించి పాఠం చెప్పి, అందరికీ రక్తపరీక్ష చెయ్యాలి. అక్క కూతురు చదివేది ఆ తరగతిలోనే. తెలిసినా ఆమెకేమీ అనిపించలేదు. మూడు వారాలుగా దేనికీ ఏమీ అనిపించడం లేదు.

బోర్డు మీద ఆకుకూరలు, పప్పులు, గుడ్డు, మాంసం బొమ్మలు అతికించింది. నోరు దాని పాటికి అది చెప్పుకుపోయింది.

"తిన్న వెంటనే టీ తాగకండి. ఇనుము ఒంటికి పట్టనివ్వదు. కూరలో కాస్త నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది."

"ఇనుమంటే మేకులు నమలాలా మేడమ్?" అంది వెనక బెంచీ పిల్ల.

గది గొల్లుమంది. నర్సు కూడా నవ్వింది. అక్కడ నవ్వాలని గుర్తుంది కాబట్టి.

పరీక్ష మొదలైంది. పద్దెనిమిదో పిల్లగా అక్క కూతురు వచ్చి చెయ్యి చాపింది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. వేలు చల్లగా ఉంది. మిషన్ హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ ఎనిమిది చూపించింది. పన్నెండు ఉండాలి. నర్సు ఆ అంకెను రిజిస్టర్లో రాసింది. గీత వంకర పోలేదు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"కొంచెం, మేడమ్."

"పొద్దున ఏం తిన్నావ్?"

"టీ తాగా. నాన్న, తమ్ముళ్ళు తినేసరికి కూర అయిపోయింది." పిల్ల దూది ఒత్తుకుంటూ గొంతు తగ్గించింది. "అమ్మా అంతేగా, చివర్లో మిగిలింది తినేది. ఈ పాఠం అమ్మకెప్పుడూ చెప్పలేదా పిన్నీ?"

కడుపుతో ఉన్న అక్కకు నర్సు ఐరన్ మాత్రల పెట్టె ఇచ్చింది. "వికారంగా ఉందే, మానేశా" అని అక్క ఫోన్లో చెబితే, "సరేలే, నేనొచ్చాక చూద్దాం" అంది. వెళ్ళడం కుదరలేదు. కాన్పులో అక్కకు రక్తం ఆగలేదు. ఒంట్లో ముందే లేదని డాక్టరు చెప్పాడు. బిడ్డా దక్కలేదు.

"చెప్పలేదు," అంది నర్సు.

పరీక్షలన్నీ అయ్యాక పిల్లను తనే ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. మందులు రాయించుకుని మధ్యాహ్నానికి అక్క ఇంటికి చేరారు. బావ, మగపిల్లలిద్దరూ కంచాల ముందు కూర్చుని ఉన్నారు. పిచ్చుక అలవాటుగా గరిటె అందుకోబోయింది. నర్సు దాన్ని లాక్కుని, ఇంకో కంచం పెట్టి, అందరికంటే ముందు ఆ పిల్లకే వడ్డించింది.

బావ మొహం ముడుచుకున్నాడు. "నేనేమన్నా తినొద్దన్నానా?"

"అనలేదు బావా. తిన్నావా అని అడగనూ లేదు. అక్కనీ అడగలేదు. నేనూ అడగలేదు."

ఆ మాట ఆమె చాలా మామూలుగా అంది. బావ కూరగిన్నె కూతురి వైపు జరిపాడు.

ఆ రోజు నుంచి నర్సు డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వెళ్ళేది. పిల్ల మాత్ర వేసుకునేదాకా ఎదురుగా కూర్చునేది. వికారమంటే తిన్నాక వేసుకోమంది. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దంది. మూడు నెలలకు అంకె పది పాయింట్ తొమ్మిదికి వచ్చింది. "బాగుంది" అంది నర్సు. సంతోషం రావాల్సిన చోట ఇంకా ఏమీ రాలేదు.

ఎనిమిదో తరగతి పాఠానికి పిచ్చుక కూడా వస్తానంది. బొమ్మలు తనే అతికించి, పిల్లల వైపు తిరిగింది.

"మాత్రలు పడకపోతే ఊరికే మానెయ్యకండి. నర్సుకి చెప్పండి. ఆవిడ పట్టించుకోకపోతే మళ్ళీ చెప్పండి. మా అమ్మ ఒక్కసారే చెప్పింది."

నర్సు తలుపు దగ్గర నిలబడి వింది. ఆ ఫోను సంగతి పిల్లకు చెప్పింది తనే.

కిటికీ పక్కనున్న పిల్ల మెల్లగా చెయ్యెత్తింది. "మేడమ్, మా వదిన కూడా మానేసింది. ఏడో నెల."

"ఇల్లెక్కడ?" అంది నర్సు, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.