ఆటలో లేని తలుపు

వెసెలిన్ సంచిలో ముందు చొక్కాలు పెట్టాడు. తరువాత వాటిని తీసేసి, అడుగున తన కంప్యూటర్ పెట్టి, అది కదలకుండా చుట్టూ చొక్కాలు కుక్కాడు. ఇస్క్రా పక్కన నిలబడి మేజోళ్ళు జతలు కలిపి అందిస్తోంది. ఎర్ర మిరపకాయలు కాల్చి తను చేసిన పచ్చడి సీసా ఒకటి ఇంటి నుంచి తెచ్చింది. దాన్ని రెండుసార్లు సంచిలో పెట్టింది. రెండుసార్లూ అతను తీసి బల్లమీద పెట్టాడు.

"మూడు నెలలే కదే. చెర్రీలు పండేసరికి ఇక్కడుంటాను" అన్నాడు.

ఇస్క్రా ఇంకో జత అందించింది. వాళ్ళ ఊరు రూసెలో బస్సెక్కే వాళ్ళంతా ఏదో ఒక పండు పేరు చెప్పే వెళతారు. ఆమె అక్క ద్రాక్షల కాలానికి వస్తానని వెళ్ళింది. ఏ సంవత్సరపు ద్రాక్షలో చెప్పలేదు. వెసెలిన్ వెళుతున్నది పరాయి దేశంలోని బ్ర్నో నగరానికి. అక్కడొక కంపెనీలో జీతానికి కుదిరాడు. ఆ జీతంతో ఇక్కడ ఇద్దరూ మొదలుపెట్టి ఆగిపోయిన కంప్యూటర్ ఆట పూర్తి చేస్తానంటున్నాడు.

ఆరేళ్ళ కిందట ఈ గది అద్దెకు తీసుకున్నప్పుడు ఇద్దరికీ ముప్ఫయ్యేళ్ళు. అంతకు ముందు ఇది పళ్ళ డాక్టరు గది. మందుల వాసన ఇప్పటికీ పోలేదు. అతను ప్రోగ్రాం రాస్తాడు, ఆమె బొమ్మలు వేస్తుంది. ఆట ఒక నదీతీరపు ఊరి గురించి. ఊళ్ళో బతికున్న వాళ్ళు వలసపోయారు. ఆడేవాళ్ళు ఒక తపాలా మనిషిగా మారి, వీధివీధీ నడుస్తూ, పోయినవాళ్ళ ఫొటో, పేరు, పోయి ఎన్నాళ్ళయిందో వేసి ఇళ్ళవాళ్ళు తలుపుల మీద అతికించే వర్ధంతి కాగితాలు చదువుతూ, చనిపోయినవాళ్ళు చెప్పకుండా వదిలేసిన మాటలను ఎక్కడెక్కడో ఉన్న వాళ్ళవాళ్ళకు చేరవేయాలి. ఇంటర్నెట్‌లో జనాన్ని చందా అడిగారు. కాస్త ఎక్కువ ఇచ్చినవాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళ కాగితం ఆటలో ఒక తలుపు మీద అతికిస్తామన్నారు. మూడు వందల పన్నెండు మంది ఫొటోలు పంపారు. ఏడాదిన్నరలో ఆట మీ చేతిలో ఉంటుందని వెసెలిన్ రాశాడు. ఆ తరువాత ప్రతి ఏడాదీ "ఈ వసంతానికి" అని రాస్తూ వచ్చాడు.

మొదట్లో తిట్టినవాళ్ళతో ఇస్క్రా పోట్లాడేది. ఆ మధ్య ఒకాయన రాశాడు: "మా అబ్బాయి పుట్టకముందు డబ్బు కట్టాను. వాడిప్పుడు బడికి వెళుతున్నాడు. ఆట ఏకంగా వాడికే ఇచ్చేయండి." ఆమెకు నవ్వొచ్చింది. పోట్లాడటం మాత్రం ఆ రోజుతో మానేసింది. అప్పటి నుంచి ఆమే అందరికంటే పెద్ద అనుమానపు మనిషి అయింది. పైకి అనలేదు, అంతే.

ఇప్పుడు వెసెలిన్ రెండోసారి చందా అడుగుదామంటున్నాడు. పేజీ తయారైంది. సోమవారం సాయంత్రం ఇస్క్రా దాన్ని తెరవాలి.

"ఎవరిస్తార్రా మళ్ళీ మనకి?"

"ఆ తలుపు చూస్తే ఎవరైనా ఇస్తారు."

ఆ తలుపు సంగతే ఇస్క్రాకు మింగుడు పడటం లేదు. అదే నది ఒడ్డున ఉన్న స్విష్టోవ్ ఊళ్ళో స్టోయ్‌మెన్ అని ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు నదిమీద పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. భార్య దోన్కా పోయిన కొత్తలో చందా కట్టి, ఆమె నలభయ్యో రోజు కాగితం పంపాడు. ఆట రాలేదు. గడిచిన కాలాన్ని బట్టి కాగితం మీది మాట మారాలి కదా, అర్ధ సంవత్సరానికి ఇంకొకటి పంపాడు. తరువాత ఏడాదిది, మూడేళ్ళది, ఐదేళ్ళది. ఈ జనవరిలో, మార్చిలో రాబోయే ఆరేళ్ళ కాగితం ముందుగానే పంపుతూ, ఈసారైనా అతికించారా తల్లీ అని అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. ఆ రోజు ఇస్క్రా కూర్చుని ఒక వీధి తలుపు బొమ్మ వేసింది. గడప, కొక్కెం, తలుపు మీద దోన్కా కాగితం. ఆటలోంచి తీసిన ఫొటో ఇదిగో అని పంపేసింది. వెసెలిన్ అది చూసి మెచ్చుకుని, కొత్త పేజీలో అన్నిటికంటే పైన పెట్టాడు. అలాంటి చోటు ఆటలో లేదు. నడవగలిగేది రేవు దగ్గర రెండు వీధులే. అక్కడ తలుపులు ఇంకా బూడిదరంగు పలకలు.

గంట మోగింది. టాక్సీవాడనుకుని వెసెలిన్ తలుపు తీశాడు. ఎదురుగా టై కట్టుకున్న పెద్దాయన, చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. తన పేరు స్టోయ్‌మెన్ అన్నాడు. ఈరోజు దోన్కా పోయిన రోజు కనుక పొద్దున్నే బస్సెక్కి వచ్చానన్నాడు. పోయినవాళ్ళ పేరుమీద పంచే ఆనవాయితీ ప్రకారం ఉడికించిన గోధుమల్లో చక్కెర కలిపి తెచ్చి, చిన్న గ్లాసుల్లో వాళ్ళకి తలా కాస్త పెట్టాడు. ఆమెను దేవుడు క్షమించాలని ముగ్గురూ అనుకున్నారు. గోధుమ గింజలు ఇస్క్రా నోట్లో అలాగే ఉండిపోయాయి.

ఫొటో చూశాను గానీ ఆటలో రేవు నుంచి నడిచి వెళ్ళి చూడాలని ఉందన్నాడు ముసలాయన. తనకు ఆడటం రాదు కనుక ఎవరైనా నడిపిస్తే చాలన్నాడు. వెసెలిన్ నొచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టి, కంప్యూటర్ సంచిలో సర్దేశానండీ అని, ఇస్క్రా కంప్యూటర్లో ఆ బొమ్మ పెద్దది చేసి చూపించాడు. స్టోయ్‌మెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కొక్కెం అచ్చం మా ఇంటిదే అన్నాడు. కాసేపటికి వేలు చాపి బొమ్మ అంచు దగ్గర పెట్టాడు.

"కాస్త ఇటు జరపమ్మా. పక్క తలుపు ఎవరిది? ఆవిడకి మాట్లాడేందుకు ఎవరో ఒకరు ఉండాలి."

వెసెలిన్ ఇస్క్రా వైపు చూశాడు. పనిలో ఇబ్బంది వచ్చినప్పుడల్లా అలాగే చూస్తాడు. ఏదో ఒకటి గీసిపారేయ్ అన్నట్టు.

"పక్క తలుపు లేదు బాబాయిగారూ" అంది ఇస్క్రా. "ఈ తలుపూ లేదు. నేనే బొమ్మ వేసి పంపాను. ఆటలో మీ ఆవిడ కాగితం ఎక్కడా లేదు. ఎవరిదీ లేదు."

ముసలాయన వేలు అక్కడే ఉంది. కాసేపటికి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"మా చెల్లెలు ఆ రోజే అన్నది, వాళ్ళు నీ నెత్తిన టోపీ పెడతార్రా అన్నయ్యా అని. ఆరేళ్ళయింది దానితో మాట్లాడి. ఈ ఫొటో మాత్రం ప్రింటు తీయించి పంపాను, చూడు అని."

తిట్టి ఉంటే బాగుండునని ఇస్క్రాకు అనిపించింది. ఆయన తిట్టలేదు. తప్పు తనదే అన్నట్టు చెవుల దాకా ఎర్రబడి, గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టుకోసాగాడు. వెసెలిన్ సంచి జిప్పు లాగాడు. ఒక చొక్కా చెయ్యి అందులో ఇరుక్కుంటే వెనక్కి తీసి మళ్ళీ లాగాడు.

"సోమవారం దాకా ఆగలేకపోయావా?" అన్నాడు ఇస్క్రాతో మెల్లగా.

కింద టాక్సీ హారన్ కొట్టింది. స్టోయ్‌మెన్ కూడా వాళ్ళతో మెట్లు దిగాడు. తనకు అబద్ధం చెప్పిన మనిషి దూరప్రయాణం వెళుతున్నాడని చూసి, ప్రయాణమయ్యేవాళ్ళకు చేసే ఆనవాయితీగా కోటులోంచి నీళ్ళ సీసా తీసి అతని వెనక మెట్ల మీద పోశాడు. "నీళ్ళు పారినంత సులువుగా వెళ్ళి రా నాయనా" అన్నాడు. వెసెలిన్ తల ఊపి టాక్సీ ఎక్కాడు.

ముసలాయన దగ్గర కాగితం ఒకటి మిగిలి ఉంది. ఈ ఇంటి వీధి తలుపు మీద అతికించుకోవచ్చా అని ఇస్క్రాను అడిగాడు. ఆమె పైకి వెళ్ళి జిగురు తెచ్చింది. నాలుగు మూలలూ ఆయన అరచేత్తో ఒత్తుతుంటే, ఆమె కాగితం వంక చూడలేక ఆయన బూట్ల వంక చూస్తూ నిలబడింది. అవి బాగా పాలిష్ చేసి ఉన్నాయి.

సోమవారం ఆమె కొత్త పేజీ తెరవలేదు. పాత పేజీలో చందాదార్లందరికీ ఉత్తరం రాసింది. ఏముందో, ఏం లేదో, ఆ తలుపు ఎలా వచ్చిందో రాసింది. రెండు చోట్ల తమను వెనకేసుకొచ్చినట్టుందని ఆ వాక్యాలు కొట్టేసింది. చాలామంది తిట్టారు. బడికెళ్ళే పిల్లవాడి తండ్రి మాత్రం ఏమీ రాయలేదు. ఆమె అతని తిట్టు కోసమే ఎక్కువగా ఎదురుచూసింది.

వెసెలిన్ ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు. ముందు నాకెందుకు చెప్పలేదు అని మాత్రం అడిగాడు. చెబితే నువ్వు నన్ను ఒప్పించేసేవాడివి అనాలనుకుంది. ఆట ఉన్న కంప్యూటర్ అతని దగ్గరే ఉంది. ఒక కాపీ పంపమని రెండుసార్లు ఉత్తరం రాసినా రాలేదు. చెర్రీలు పండాయి, అయిపోయాయి. పచ్చడి సీసా ఆమె ఇంటికి తీసుకుపోలేదు.

మరుసటి మార్చిలో స్టోయ్‌మెన్ ఏడేళ్ళ కాగితం పట్టుకుని వచ్చి, పాతదాని మీద అతికించాడు. చెల్లెలికి ఫోన్ చేశానన్నాడు. నేను చెప్పలేదా అని తప్ప ఆవిడ ఇంకేమీ అనలేదట. ఇస్క్రా వేడి టీ ఇచ్చింది. ఆయన తాగుతూ, ఆ అబ్బాయి వచ్చాడా అని అడిగాడు. రాలేదని ఆమె చెప్పింది.

వెసెలిన్ 2017 మార్చి 16న, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు రూసె వదిలి వెళ్ళాడు. మళ్ళీ తిరిగి రాలేదు.