తెల్లటి ఎల్లన్న

రోజూ పొద్దుగూకగానే లస్మవ్వ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. అదే వేళకు గోడమీది బొమ్మలోకి ఎల్లన్న పొలం నుంచి వచ్చి, కాళ్ల బురద దులుపుకొని, నులకమంచం మీద కూర్చునేవాడు. ఎల్లన్న పోయి ఎనిమిదేళ్లయింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని బతికినన్నాళ్లూ దిగలేదు. నలభై ఎనిమిదికే పోయాడు, అది వేరే సంగతి. బోర్డులు రాసే పండరి ఆ మనిషిని ఎన్నడూ చూడకపోయినా, లస్మవ్వ చెబుతుంటే విని బొమ్మ గీశాడు.

మొగుడు సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు కదా అని లస్మవ్వ గాజులు, బొట్టు తీయలేదు. అందరి ఇళ్లలో వేలు పెట్టే పోసవ్వ కూడా కాదనలేదు. ఆమె సొంత మొగుడు ఏనాడూ అంత వేళకు ఇల్లు చేరినవాడు కాదు.

2006 నాటికి బాన్సువాడలో ఎటు చూసినా ఫ్లెక్సీలే. పండరి కుంచెలు ఎండిపోయాయి. బస్టాండు దగ్గర స్టూడియో పెట్టిన ప్రకాష్ డిజిటల్ కెమెరా కొన్నాడు. అడిగినా అడగకపోయినా అందరినీ కంప్యూటర్లో తెల్లగా చేసి, చుట్టుపక్కల నల్లటి పెండ్లికొడుకు అన్నవాడు లేకుండా చేశాడు.

"నువ్ గీసిన ఎల్లన్న బొమ్మ కంప్యూటర్ల వెడితే లోకమంత చూస్తది, అన్నా," అన్నాడు పండరితో.

పండరికి ఆ మాట నెత్తికెక్కింది. లస్మవ్వను బతిమాలి ఒక సాయంత్రం బొమ్మను ఫోటో తీయించాడు. ప్రకాష్ ఎల్లన్నను తెల్లబరిచి, బుగ్గ మీది కొడవలి గాటు తుడిచేసి, నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించాడు. పండరే దాన్ని మోసుకొచ్చి, బొమ్మకు ఎదురుగోడ మీద మేకులు కొట్టి తగిలించాడు.

సాయంత్రం ఎల్లన్న వచ్చాడు. ఎదురుగా, తన మంచం మీద ఎవడో తెల్లటి మనిషి. కాసేపు చూశాడు. తువ్వాల భుజాన వేసుకొని వెనక్కి తిరిగాడు.

"గాయన నువ్వేనయ్యా, పరాయోడు గాదు," అంది లస్మవ్వ.

బతికుండగానే ఆమె మాట విన్న మనిషి కాడు. మళ్లీ రాలేదు.

పండరి ఫ్లెక్సీ పీకేశాడు. రోజూ సాయంత్రం వచ్చి బొమ్మ ముందు కూర్చున్నాడు. ఖాళీ మంచమే కనిపించింది. పదో రోజు పోసవ్వ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చి లస్మవ్వ గాజులు పగలగొట్టింది. ఏడుపులో లస్మవ్వ కంటే పోసవ్వదే పైచేయి.

వాళ్లు వెళ్లాక పండరి రంగులు ముందు పెట్టుకొని కూర్చున్నాడు.

"మళ్ల జెప్పు అక్కా, గీస్త. ముఖమెట్లుండె?"

లస్మవ్వ కళ్లు మూసుకొని తెరిచింది.

"కండ్లు మూస్తే గా తెల్లటాయనే వస్తుండు, తమ్మీ. మా ఇంటాయన యాదికొస్తలేడు."

తనకు గుర్తున్నంత గీద్దామని పండరి కుంచె తీశాడు. చెయ్యి తెల్లరంగు డబ్బా మీదికే పోయింది.