టెంకాయ నిలబడిన చోట

"ఆ పొద్దు నువ్వు దూరమా?" అని అడిగినాడు మా ఆయన.

నేను వంటింట్లో టీ వడకడతాండాను. ఆయన లోపలికి వచ్చి, పక్కన నిలబడి అడగలేదు. వాకిట్లో తిన్నె మీద కూర్చొని, నీరోట్టం, అంటే నేల కింద నీళ్ల జాడ, చూసే తిరువేంగడం మామా, మా మరిది సెంతిలూ వింటాండగా గట్టిగా అడిగినాడు. ఇంటికి దూరమా అంటే ముట్టా అని. పెండ్లయి ఇన్నేండ్లకి నా ఒంటి సంగతి మోహన్‌రాజ్ ఇంత అక్కరగా అడగడం ఇదే మొదలు. జొరం వచ్చినప్పుడు కూడా "మాత్ర వేసుకున్నావా" అనేవాడే కానీ, సమాధానానికి నిలబడేవాడు కాదు.

సంగతేమంటే, ఉడుమలైపేట పక్కన ఉన్న మా టెంకాయ తోటలో పోయిన వారం బోరు వేసినాము. పాయింటు చూసింది తిరువేంగడం మామ. చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని, తోటంతా తిరుగుతాడు. నేల కింద నీళ్లుండే చోట పడుకున్న టెంకాయ లేచి నిలబడతాది. నిలబడింది కూడా, నేనూ చూసినాను. ఆ చోటనే లారీ వచ్చి రాయిని తొలిస్తే తెల్ల దుమ్ము తప్ప ఒక్క చుక్క రాలేదు. ఆ దుమ్మంతా దండెం మీది బట్టల మీద పడింది. వాటిని మళ్లీ ఉతికింది నేనూ, నా తోడికోడలు యువరాణీ.

మామ తప్పు చూడడు, టెంకాయ తప్పు చెప్పదు. కాబట్టి తప్పు మూడో మనిషిది. ఆ పొద్దు టెంకాయ పట్టుకున్నప్పుడు తోటలో ఉన్న ఆడోళ్లు ఇద్దరే. టీ తెచ్చిన నేను, వడలు తెచ్చిన యువరాణి. ఎవరో ఒకరు తీట్టుతో, అంటే ముట్టు మైలతో, అడుగు పెట్టినారు, నీళ్లు పక్కకి తొలిగిపోయినాయి. ఎవరో తేలితే, ఆమె తడి చీరతో తోట చుట్టి, ఆ ఎండిన బోరులో పసుపు నీళ్లు పోసి, అందరి ముందర కులదేవతకి తప్పు చెప్పుకోవాల. అప్పుడే మామ ఇంకో పాయింటు చూస్తాడంట.

నేను పొల్లాచ్చి పక్కన ఒక కాలేజీలో ఇండియన్ ఫిలాసఫీ చెప్తాను. మా అత్త కన్నమ్మాళ్ చుట్టాలకి చెప్పేటప్పుడు "పెద్ద కోడలు కాలేజీలో సామి కతలు చెప్తాది" అంటాది. సామి కతలు కాదు నేను చెప్పేది, ప్రమాణాలు. ఒక విషయం తెలుసు అని ఎట్లా అంటావు, దేన్ని నమ్మి అంటావు అని. మా క్లాసు పిల్లలు తమిళంలో చదివినోళ్లు, వాళ్లకి అళవై అంటే తొందరగా ఎక్కుతాది, అంటే కొలత. చార్వాకులు కండ్లతో చూసిందొక్కటే కొలత అన్నారు. బౌద్ధులు దానికి ఊహ కలిపినారు. సాంఖ్యులు నమ్మదగిన మనిషి మాటని కూడా కలిపినారు. నైయాయికులు నాలుగన్నారు, భాట్ట మీమాంసకులు ఆరు దాకా పోయినారు. బోర్డు మీద ఇదంతా రాస్తాంటే నాకు మా ఇల్లే కనపడతాది. మా ఇంట్లో కండ్ల ముందర ఉన్నది కనపడదు, ఇడ్లీలు వాటంతట అవే ఉడికి తట్టల్లోకి వస్తాయి. ఇంక నమ్మదగిన మనిషి ఎవరంటే, విషయం తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాళ్లు. ఆడదా మగోడా అని శాస్త్రం అడగలేదు. మా ఆయన అడుగుతాడు. సిలిండర్ దగ్గర గ్యాస్ వాసన వస్తాండాది అని నేను రెండు పొద్దులు చెప్పినా "అది నీ భ్రమ" అన్నాడు. గ్యాస్ మనిషి వచ్చి ముక్కు పెట్టి "ఆమా సార్, లీక్" అంటే అప్పుడే కిటికీలు తెరిచినాడు.

ఊహకి శాస్త్రం చెప్పే ఉదాహరణ నాకు మహా ఇష్టం. కొండ మీద పొగ ఉండాది, కాబట్టి నిప్పు ఉండాది, వంటింట్లో లాగా అంటారు. వంటింట్లో లాగా! ఇన్ని వందల ఏండ్లు అంతమంది పండితులు ఆ వంటిల్లు చూపించి వాదాలు గెలిచినారే, ఆ పొయ్యి ఊదతాండేది ఎవరు, ఆమె కండ్లు మండలేదా అని ఒక్కరన్నా అడగలేదు. ఈ మాట క్లాసులో చెప్తే ఆడపిల్లలు నవ్వతారు. స్టాఫ్‌రూంలో చెప్తే మా హెడ్డు సారు "మేడం, సిలబస్ లోపల ఉండండి" అన్నాడు.

టీ గ్లాసులు తట్టలో పెట్టుకొని తిన్నె దగ్గరికి వచ్చినాను. మా అత్త ఒక మూల మునగాకు దూస్తా కూర్చొని ఉండాది. యువరాణి తలుపు వెనకాల, లోపలే నిలబడి ఉండాది.

"ఊ అను జోతీ, అయిపోతాది గదా. నీకేం నష్టం?" అన్నాడు మా ఆయన. కోపంగా అనలేదు. ఆయన ఎప్పుడూ కోపంగా అనడు, అదే నా తలనొప్పి. నేను తల వంచితే ఇల్లు చల్లగా ఉంటాదని మెత్తగా చెప్తాడు.

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకు ముట్టు నిలిచిపోయి ఏడాది దాటింది. భాట్టుల ఆరో ప్రమాణం ఇదే. ఒకటి లేదు అని తెలిసేది, ఉంటే కనపడాల్సిన చోట అది కనపడనప్పుడు. బల్ల మీద చెంబు లేదని తెలిసినట్టు. ఏడాదిగా నేను పూజ గదికి ఒక్క రోజు కూడా తప్పలేదు. చెమటలు పట్టి లేచి ఫ్యాన్ వేసుకుంటే పక్కన పడుకున్న మనిషి "చలి" అని దుప్పటి లాక్కున్నాడు. ఒకప్పుడు నా రోజులు వేళ్ల మీద ఎంచిన అత్తకి కూడా ఎంచేది ఏమీ లేదని తెలియలేదు. ఈ ఇంట్లో నాలో ఒకటి లేకుండా పోతే, లేదని కూడా చూసేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ లేనిదాన్ని పట్టుకొని నన్ను తడి చీరతో తిరగమంటాండారు.

ఒక్క మాట చాలు, నేను బయటపడతాను. చెప్పేదానికి నోరు తెరిచినాను కూడా. అంతలో సెంతిల్ చూపు తలుపు వైపు పోయింది. యువరాణి మొఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. నేను కాదంటే ఆమె. ఉండేది ఇద్దరమే గదా. నేను తప్పించుకున్నా వాళ్ల లెక్క అట్లనే ఉంటాది, మనిషి మారతాది అంతే. నాకు ఒళ్లు మండింది. నా ముట్టు సంగతి మింగేసినాను.

"తిరువేంగడం మామా, ఇంటి వెనకాల పాత బోరుకి పాయింటు చూసింది మీరే గదా?" అన్నాను.

"నేనే అమ్మా. వంద అడుగుల్లోపలే నీళ్లు ఎగిరి కొట్టినాయి. ఊరంతా వచ్చి చూసినారు" అన్నాడు. ఆయన మొఖం విప్పారింది. పాపం, ఆయనకీ పేరు పోతాదని భయమే.

"ఆ పొద్దు మీకు, లారీవాళ్లకి టీ, సాపాటు మోసింది ఎవరో గుర్తుండాదా?"

"నువ్వే. కొత్త కోడలివి అప్పుడు."

"ఆ పొద్దు నేను దూరం మామా. రెండో రోజు."

ఎవరూ గ్లాసు ఎత్తలేదు. మా ఆయన ముందుగా తేరుకున్నాడు. అబద్ధం, అమ్మ అట్లా పోనిస్తాదా, దీనికి సాక్షి ఎవరు అన్నాడు. నా కండ్లు చూసినది సాక్ష్యం కాదు, నా ఒళ్లు మోసినది సాక్ష్యం కాదు. సరే.

నేను మా అత్త వైపు చూసినాను. ఆమె వేళ్లు మునగాకు కొమ్మ మీద ఆగిపోయి ఉండాయి. ఆ పొద్దు వంటమనిషి రాలేదు. లారీతో వచ్చినోళ్లు ఆకలి ఆకలి అంటాండారు. నేను వెనక గదిలో చాప మీద ఉంటే ఆమే వచ్చి లేపింది. తలకి పోసుకొని పో, పని మీద పడినప్పుడు ఇవన్నీ చూస్తే అవుతాదా అనింది. నడుము విరిగేటట్టు ఉన్నా పోయినాను. సాయంత్రం నీళ్లు పడినాక మళ్లీ ఆ చాప మీదకే పంపింది.

"అత్తా, మీరే చెప్పండి."

చెప్పదనే అనుకున్నాను. ఆమె ఒడిలోని ఆకు ముక్కలు దులుపుకొని, కొడుకుని చూడకుండా, "నిజమే. నేనే పంపినాను" అనింది. మళ్లీ కొమ్మ అందుకొని, "ఆ నీళ్లే గదరా ఈ పొద్దుకీ సామికి పోస్తాండేది" అనింది.

తిరువేంగడం మామ "ఆ కాలం వేరు అమ్మా" అన్నాడు.

"కాలం వేరు కాదు మామా. అప్పుడు మీకు టీ కావల్సి ఉండె."

సెంతిల్ తల వంచుకున్నాడు. మా ఆయన చిన్నగా, "సరే, అది పాత కత. పోయిన వారం మాట చెప్పు. దూరమా, కాదా?" అన్నాడు.

"అది ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగకూడదు. మామా, రేపు ఇంకో పాయింటు చూడండి. చూడకపోతే వేరే మనిషిని చూసుకుంటాము. ఎవరు చూసినా టెంకాయ పట్టుకున్నప్పుడు ఈ ఇంటి ఆడోళ్లందరం అక్కడే, పక్కనే నిలబడతాము. టీ ఇచ్చేదానికి కాదు, చూసేదానికి."

తలుపు కదిలింది. యువరాణి గడప దాటి వచ్చి, తిన్నె దిగి, నా పక్కన నిలబడింది.

ఆమెకి అది ఎన్నో రోజో నేను అడగలేదు.