గుంట దాటే పలక

ఆ "సరే" అనే మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఈశ్వరప్పకే తెలియదు. "నాయనా, మగ్గం గుంట పూడ్పించేద్దామా?" అని కొడుకు శశికుమార్ అడిగాడు. మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రుద్దుకుంటున్న పెద్దమనిషి "సరే" అనేశాడు. అన్నదగ్గర్నుంచి తిన్నది ఒంటబడటం లేదు. వద్దని చెప్పడానికి అభిమానం అడ్డం, ఊరుకోవడానికి ప్రాణం ఒప్పదు. రేపు పొద్దున మేస్త్రీ ఎర్రన్న మట్టి ట్రాక్టరుతో దిగుతాడు.

ధర్మవరం నేత ఇళ్ళు చూడనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మగ్గం కింద నేలలో నడుములోతు గుంట ఉంటుంది. నేతగాడు గట్టున కూర్చుని, కాళ్ళు అందులోకి వదిలి, కిందున్న చెక్కలు తొక్కుతూ పైన చేత్తో దారం మోసే నాడెను అటూ ఇటూ ఆడిస్తాడు. ఈశ్వరప్ప మీసం రాకముందు ఆ గుంటలో కాళ్ళు పెట్టాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక చాలించమని డాక్టరు కసిరేదాకా తీయలేదు. మగ్గం విప్పి ఎవరికో ఇచ్చేశారు. గుంటను మాత్రం ఎవరికిస్తారు? అది నడింట్లో అలాగే మిగిలిపోయింది.

ఇక శశికుమార్ సంగతి. వాడు ఆటలు చేస్తాడు. ఆడటం కాదండోయ్, చేయడమే! కంప్యూటర్లో బొమ్మలు పరుగెత్తే ఆటలు. బెంగుళూరులో ఆ విద్య నేర్చుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఇంట్లోనే పని పెట్టుకుంటానని వచ్చాడు. బల్లలు వేసుకోవడానికి సమంగా ఉన్న నేల కావాలన్నాడు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. ఈశ్వరప్ప బాధంతా అదే. తప్పుంటే నాలుగు తిట్టి కడుపుబ్బరం తీర్చుకునేవాడు.

ఆ సాయంత్రం వాడు ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టాడు.

"ఒకసారి ఆడి చూడు నాయనా. నువ్వు దాటితే ఇంగ ఎవురైనా దాటతారు."

"నాకెందుకురా పిల్లకాయల ఆట?"

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న బయమ్మ ఊరుకుంటుందా? "పొద్దస్తమానం ఆ గోడను చూసేదానికన్నా మేలే గదయ్యా. ఆడు!" అని మొగుణ్ణి అదిలించింది.

సరేనని ఈశ్వరప్ప ముందుకు జరిగాడు. వేళ్ళు పెట్టబోయే ముందు ఆ మీటలను తాకి కళ్ళకద్దుకున్నాడు. రోజూ మగ్గం ఎక్కేముందు చేసే పనే, చెయ్యి దానంతట అదే చేసేసింది. శశికుమార్ చూశాడు గానీ నవ్వలేదు.

తెరమీద ఎర్రనేల, గులకరాళ్ళు, అక్కడక్కడా ఎండిన కంప. పంచె కట్టిన బొమ్మమనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాడు. ఒక మీట నొక్కితే నడుస్తాడు, ఇంకోటి నొక్కితే ఎగురుతాడు. కొంతదూరం పోయాక పెద్ద గుంట అడ్డం వచ్చింది. దాని మీద గాల్లో ఒక పలక ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు అలుపు లేకుండా తిరుగుతోంది.

"అది దగ్గరికొచ్చినప్పుడు ఎక్కల్ల. ఎక్కినాక ఏం జేయొద్దు. ఊరికే నిలబడు, అదే తీసకపోతాది."

"ఊరికేనా?"

"ఊరికే."

ఈశ్వరప్ప ఎక్కాడు. ఎక్కాడు గానీ వేలు ఊరుకుంటేగా! నడక మీట నొక్కేశాడు. బొమ్మమనిషి పలక చివరిదాకా నడిచి గుంటలో పడ్డాడు. తెర ఎర్రబడింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ నడిచాడు, మళ్ళీ పడ్డాడు.

"నడవొద్దు నాయనా! పలక నడుస్తాంది గదా."

"పలక నడిస్తే మనిషేం జేస్తాడ్రా?"

"నిలబడతాడు."

"థూ, అదేం బతుకు! కాలు ఆడించకుండా జానెడు గుడ్డ ముందుకొచ్చిందా యానాడన్నా?"

బయమ్మ పకపకా నవ్వింది. "నీకు కూచ్చోని తినేది చాతగాదులేయ్యా!"

నవ్వులాటకే అంది పాపం. కానీ ఆ మాట సూటిగా పోయి తగిలింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఊరందరికీ చెప్పిన మనిషి ఇప్పుడు చేస్తున్నదేమిటి? కొడుకు సంపాదిస్తున్నాడు, తను తింటున్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. అంటే కొంత బాగుండేది. ఆ పంచె కట్టినవాడు తనే అనిపించి ఈశ్వరప్పకు సిగ్గేసింది.

ఈసారి వేలు బిగబట్టి నిలబడ్డాడు. పలక కదిలింది. గట్టు వెనకబడింది. కింద గుంట నల్లగా కనిపిస్తోంది. "అట్లే, అట్లే ఉండు!" అని శశికుమార్ సంబరపడుతున్నాడు. సగం దాటాక ఈశ్వరప్ప మీట నొక్కి, మనిషిని అంచుకు నడిపి, కిందికి దించేశాడు.

"కావాలనే దిగినావా నాయనా?"

"ఆఁ."

"సచ్చిపోతాడని తెలుసు గదా!"

"గుంటలో దిగితే సస్తారని నీకెవురు చెప్పినార్రా?" ఈశ్వరప్ప కొడుకు వైపు తిరిగాడు. "మా నాయన దిగినాడు. నేను దిగినాను. నువ్వు తిన్న కూడు ఆడనుంచే వచ్చినాది. పైన తేలిపొయ్యేటోడు బతకల్ల, కింద దిగినోడు సావల్ల. ఇదేం ఆటరా?"

బయమ్మ చేట ఆగిపోయింది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోవాలని కూడా చూడలేదు.

శశికుమార్ నడింట్లోని గుంట వైపు చూశాడు. "ఎర్రన్నకు వద్దని ఫోన్ జేస్తా నాయనా. గుంట ఉండనీ. మేం బయట రేకుల కింద కూచ్చుంటాం."

ఈశ్వరప్ప వినాలనుకున్న మాట అదే. తీరా విన్నాక గుండె బరువు దిగలేదు. గుంటలోకి చూశాడు. అడుగున బయమ్మ పడేసిన ఖాళీ డబ్బాలు, మూలన సాలెగూడు. దాన్ని ఉంచుకుని ఏం చేయాలి? తన కాళ్ళు ఇక తొక్కలేవు. వీడి కాళ్ళు తొక్కవు, తొక్కాలని తనకూ లేదు. ఈ మోకాళ్ళ నొప్పి పగవాడికి కూడా వద్దు.

"వద్దు. పూడ్చు."

"నాయనా..."

"పూడ్చమంటాండా గదరా! దిగేటోడు లేని గుంట ఎందుకు, మీయమ్మ కాలిరగ్గొట్టుకునేదానికా? నీ ఆటలోదానికి మాత్రం అడుగున నేల వెయ్యి. పడినోడు సావగూడదు. కొంచేపు కూచ్చోని, లేసి, గట్టెక్కి రావల్ల."

"అట్లయితే మరీ సులువైపోతాది నాయనా."

"సులువా? గుంటలోనుంచి లేసేది సులువా?" అని ఈశ్వరప్ప తన రెండు మోకాళ్ళ మీదా చరుచుకున్నాడు. "వీటినడుగు, చెప్తాయి!"

శశికుమార్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచాడు. "అయితే ఎట్ల లేస్తారో చూపించు. బొమ్మకు అట్లే నేర్పిస్తా."

తల్లీకొడుకులు చెరో రెక్కా పట్టి ఆయన్ని గుంట గట్టున కూర్చోబెట్టారు. కాళ్ళు లోపలికి జారాయి. అక్కడ చెక్కలు లేవు. అయినా పాదాలు ఒకదాని తర్వాత ఒకటి గాలినే తొక్కాయి. బయమ్మ చేట తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

"ఊఁ, ఇప్పుడు లెయ్ నాయనా," అంటూ శశికుమార్ చెయ్యి అందించాడు.

ఈశ్వరప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ లేవలేదు.

"ఉండ్రా," అన్నాడు. "ఇంగ కొంచేపు."