అత్తగారి కంటి గొట్టం

మరిది ఏదో దాస్తున్నాడు. పొద్దున్నుంచీ వదినకి ఆ అనుమానం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

ఇద్దరూ పనిచేసేది ఒకే గదిలో. మామూలు వెలుతురు సోకితే రెసిన్ అనే జిగురు గట్టిపడిపోతుంది కాబట్టి ఆ గదిలో అన్నీ పసుపు దీపాలే. లేజర్ దగ్గర ఆవిడ కూర్చుంటుంది. రెసిన్ చుక్కలో కిరణం తాకినచోటల్లా గట్టిపడి, నువ్వుగింజలో సగం కూడా లేని గొట్టం తయారవుతుంది. కంట్లో నీరు నిలిచి ఒత్తిడి పెరిగినవాళ్లకి ఆ నీటిని బయటికి పంపే గొట్టం అది. గట్టిపడకుండా లోపల మిగిలిన జిగురుని ద్రావకంలో కడగడం మరిది పని. అది ఏ కాస్త మిగిలినా కంటికి విషమే.

ఇవాళ్టి గొట్టం రేపు అత్తగారి కంట్లోకి వెళ్లాలి. ఆవిడకి చూపున్నది ఆ ఒక్క కంట్లోనే.

పొద్దున చేసిచ్చిన గొట్టం భోజనాల వేళ దాటినా పరీక్షకి రాలేదు. అడిగితే, "అయిపోవచ్చింది వదినా" అన్నాడు, మొహం ఎటో పెట్టి. గిన్నె మీద మూత, మూత మీద చెయ్యి. తిండి మాటెత్తితే ముందుండే మనిషి ఇవాళ కుర్చీలోంచి లేవలేదు.

కింద పడేశాడా? విరిగినదాని బదులు, పనికిరాదని పక్కన పడేసినదేదో పెడుతున్నాడా? కన్నతల్లికే? ఛీ, ఇవేం ఆలోచనలు అనుకుంది గానీ, నిప్పు లేనిదే పొగ రాదు కదా. ఇక ఉండబట్టలేక వెళ్లి మూత లాగేసింది.

గొట్టం ద్రావకంలోనే ఉంది.

"ఎప్పట్నుంచి నానుతోంది ఇది?"

"పొద్దుట్నుంచి."

"పావుగంటకి తీసేయాలని నీకు తెలీదూ?"

"అమ్మ కన్ను వదినా. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ ఉంచేశాను. చూస్తే తీసేయమంటావని మూత పెట్టాను."

మైక్రోస్కోపులో పెట్టి చూసింది. గొట్టం ఉబ్బిపోయి గోడలు నెర్రెలిచ్చాయి. అతి చేస్తే గతి చెడుతుందని పెద్దలు ఊరికే అన్నారా! కంట్లో పెట్టి ఉంటే ముక్కలయ్యేది. అతన్ని దొంగలా చూసినందుకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"ఇంకోటి చేస్తాను. ఈసారి నేనే కడుగుతా. ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా చేస్తామో అలాగే చెయ్యాలి. అర్థమైందా?"

అతను తల ఊపాడు.

సాయంత్రానికి కొత్త గొట్టం తయారైంది. ద్రావకంలో వేసి, పావుగంటకి గడియారం తిప్పిపెట్టి, పట్టకారు పట్టుకుని కూర్చుంది. గంట మోగింది. ఆవిడ చెయ్యి కదల్లేదు. లోపల ఏ మూలనైనా జిగురు మిగిలిపోయిందేమో, తెల్లారితే అది అత్తయ్య కంట్లో ఉంటుంది కదా అని అనుమానం పీకుతోంది.

"వదినా, గంట కొట్టింది."

"ఒక్క నిమిషం ఉండు."

మరిది ఆవిడ వేళ్ల మధ్యనుంచి పట్టకారు మెల్లగా తీసుకుని, గొట్టాన్ని బయటికి తీశాడు.