జేబు కుట్టిందెవరు?

కాలరు లోపలివైపు తిప్పి, కొసల నుంచి మధ్యకు ఇస్త్రీ నడిపిస్తూ ఆమె సభికులకు నమస్కరించింది. "ఈ గౌరవం నాది కాదు, మా అత్తగారిది" అని గొంతులోనే అనుకుని కొంచెం ఆగింది. అక్కడ చప్పట్లు పడాలి. చప్పట్లు అయ్యాక చొక్కా తిరగేసి చేతులు అందుకుంది.

పెద్ద హోటలు కింది అంతస్తులో, కిటికీ లేని ఆ బట్టల గదిలో ఆమె ఏళ్ల తరబడి వచ్చేపోయేవాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కుడి భుజం ఎడమదానికంటే ఒక పిసరు కిందికి దిగి ఉంటుంది. తోటివాళ్లు ఆమెను రచయిత్రిగారు అంటారు. వెటకారమే, కానీ ప్రేమ కలిసిన వెటకారం. నవల రాస్తానని ఆమె చెప్పని మనిషి లేడు మరి. మూడు తరాల కథ. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకోవాలి, ఆ తర్వాత ఇంకొకరు నవల రాయడానికే జంకాలి. అంతకు తక్కువైతే రాయడం దండగని ఆమె లెక్క. అందుకని మంచి కలం కొంది. బల్ల కొంది. బల్ల ఊగుతోందని కాలికింద అట్టముక్క పెట్టింది. పిల్లాడి చదువు అవనీ అంది, ఎండలు తగ్గనీ అంది. సన్మానసభలో చెప్పాల్సిన మాటలు మాత్రం పొల్లు పోకుండా సిద్ధంగా ఉన్నాయి. లేనిదల్లా నవలే.

ఆ ఉపన్యాసం ఇంట్లో అత్తగారికీ కంఠతా వచ్చు. పెళ్లయిన కొత్తలో కోడలు పుస్తకం పట్టుకుంటే, వంటపని తన మీద వేసుకుని "నువ్వు చదువుకో పో" అన్న మనిషి ఆవిడ. ఇప్పుడు గుండె బలహీనపడి మంచం పట్టింది. ఏ క్షణమైనా జరగొచ్చని డాక్టరు కొడుకుతోనూ కోడలితోనూ చెప్పేశాడు. ఆవిడతో ఎవరూ చెప్పలేదు గానీ ఆవిడకు తెలుసు.

ఇవాళ పొద్దున కోడలు చెప్పులు తొడుక్కుంటుంటే పిలిచింది.

"అమ్మాయ్, నాకు దండం పెట్టే ముక్క చాలాసార్లు విన్నా. ఆ పుస్తకంలోది ఒక్క కాగితం వినిపించు. చెవులు పనిచేస్తుండగానే."

"ఇంకా బాగా రావాలి అత్తయ్యా."

"బాగా రావడం ఎవరిక్కావాలే? ఇవాళ ఏం చూస్తావో అది రాసుకురా. సాయంత్రం వింటా."

ఆ మాట మధ్యాహ్నం దాకా ఆమెను వదల్లేదు. అన్నం డబ్బా తెరవకుండానే పక్కన పెట్టింది. ఉతికిన బట్టలకు చుట్టే కాగితం ఒకటి చింపి, ఇస్త్రీ బల్ల మీదే పరుచుకుని మూడు తరాలనూ పిలిచింది. ఒక్కరూ రాలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ వెళ్లిపోతుంది, తను మాత్రం లేని మైకు ముందు ఇలాగే నిలబడి ఉంటుంది అనిపించింది. ఎదురుగా కొక్కేనికి ఒక తెల్లచొక్కా వేలాడుతోంది. ఖరీదైన బట్ట. జేబు ఊడితే ఎవరో నల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టేశారు. సరే, ఏం చేస్తాం, అదే రాద్దామనుకుంది. చొక్కా, దారం, చివర వేసిన బండముడి. రాసింది చదువుకుంటే సిగ్గేసింది. చించబోయి, అత్తగారి మొహం గుర్తొచ్చి, మడిచి సంచిలో పెట్టుకుంది.

"రచయిత్రిగారు మొదలెట్టేశారర్రా!" అని దుప్పట్లు మడతపెట్టే ఆమె గదంతా చాటింది.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని గబగబా చదివేసింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. అత్తగారు కళ్లు మూసుకుని వింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఏమీ లేదందులో, నాకూ తెలుసు."

"ఏమీ లేకపోవడమేంటి! ఇంతకీ ఆ జేబు కుట్టిందెవరు? పెళ్లామా, వాడేనా?"

"నాకేం తెలుసత్తయ్యా?"

"రాసేదానివి నువ్వు. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందే? కూర్చుని తేల్చు. నేనెక్కడికీ పోను."

ఆమెకు నవ్వొచ్చింది. కాగితం వెనక్కి తిప్పి, పాత అట్ట ఒకటి ఒళ్లో పెట్టుకుని రాయసాగింది. హోటలు గదిలో ఒంటరిగా ఒక మగవాడు, అడిగి తెచ్చుకున్న సూది, ఎంతకీ ఎక్కని దారం. భార్య ఉండి ఉంటే తెల్లదారం వెతికేది. ఆ వాక్యం దానంతటదే వచ్చింది. బాగుందా లేదా అని ఆగి చూసుకోకుండా తర్వాతిదానికి వెళ్లిపోయింది. వెలుగు తగ్గితే లేచి లైటు వేసి, ధ్యాస కాగితం మీదే ఉండగా మళ్లీ కూర్చుంది.

"వాడే కుట్టుకున్నాడు అత్తయ్యా" అంది తలెత్తకుండానే.

వాక్యం ముగించి మంచం వైపు చూసింది. ఆవిడ మొహం ఇటే తిరిగి ఉంది, వింటున్నట్టే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చెయ్యి పట్టుకుంది. ఊపిరి లేదు. భర్తకు ఫోన్ చేసి, "అత్తయ్య పోయింది, రా" అంది. ఇంకేం చెయ్యాలో తోచక, కాగితం తీసి మొదటినుంచీ చదివి వినిపించింది, ఈసారి నిదానంగా. మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ అందుకుని చివరిదాకా చదివింది.

కాగితం పెట్టడానికి మంచం పక్కనున్న స్టూలు వైపు తిరిగితే, తను రాసుకుంటుండగా అత్తగారు ఎప్పుడు ఒలిచిందో, ఇటువైపుకు జరిపిన చిన్న పళ్లెంలో, గింజలు కూడా తీసేసిన కమలాపండు తొనలు.